ధర్మసంస్థకు ధనమా, జనమా?

(మాడుగులలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



నేను విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుడను. ధనవంతుడను గాను గనుక ధనమును గూర్చి చెప్పుటకు నా కంతగా అధికారము లేదు. బహుసంవత్సరములు పాఠశాలలో పిల్లలతోడను, వారి తలిదండ్రులతోడను కాలము గడపినవాడను గనుక మనుష్యులను గూర్చి కొంత చెప్పగలను. చిన్న ధర్మసంస్థలందు స్వచ్ఛంద సేవ యెట్లుండవలెను, అట్టి సంస్థలు ఇతరులతో నెట్లు కలిసి పనిచేయవలెను అను విషయమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. వారి యాజ్ఞ శిరసావహించి నాకు తోచిన నాలుగు మాటలు విన్నవించుచున్నాను.

మహాజనులారా! కులసంఘముల నివేదికలు మీరందరు చదివియే యుందురు. వానిలో ఆదాయము, వ్యయము, నిలువ అను మూడు పద్దులు తప్పక యుండును. విరాళ మిచ్చినవారి పేళ్లు పెద్ద యక్షరములతో నచ్చుపడును. కాని ఈ సంవత్సరమున ఎందరు మనుష్యులు, ఎన్ని దినములు, ఏ పనికొరకు తమ కాలము నిచ్చిరి అను నాలుగవ పద్దు సాధారణముగా నెచ్చటను కానరాదు. ధనమునకు లెక్క యున్నది, శ్రమకు లెక్క లేదు. లెక్క లేనిది క్రమముగా మరపునకు వచ్చును. మరపునకు వచ్చినది కొన్నాళ్లకు నశించును. మన చిన్న సంస్థ లనేకములు ధనము లేక చెడుట లేదు, చేయి లేక చెడుచున్నవి. నేను మీకు చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

ధనము సభ జరుగు దినమున వచ్చును. ఆపద చెప్పి రాదు. రాత్రి పదిగంటలకు ప్రసవవేదన పడు స్త్రీకి మన నిధిలోని రొక్కము తనంతట తాను పోయి తోడుపడదు. ఆమె వెంట నడచు మనుష్యు డొకడు కావలెను. ఎవరికి ఫోను చేయవలెనో ముందే తెలిసి యుండవలెను.

మన యూరివారికి ఈ సత్యమును బోధించుటకు పెద్ద గ్రంథములతో పని లేదు. మాడుగుల పేరు చెప్పగానే లోకమునకు హల్వా జ్ఞప్తికి వచ్చును గదా! గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, వానిని నిలువ యుంచి, పాకమున జేర్చి, నేయి పోయుచు పొయ్యిమీద కలియబెట్టవలెను. గోధుమలు, నేయి, జీడిపప్పు మొదలగునవన్నియు ధనమున్నవాడు కొనవచ్చును. కాని కలియబెట్టు చేయి నడుమ నాగినయెడల సరకంతయు అడుగంటును. ధర్మసంస్థయందు పోషకుడు సరకు నిచ్చువాడు, సేవకుడు కలియబెట్టువాడు. ఇందులో నెవరు గొప్ప యని వాదించుట వ్యర్థము. సరకు లేనిదే పొయ్యి వెలిగించుట యెందుకు? చేయి లేనిదే సరకు తెచ్చుట యెందుకు?

పూర్వము మాడుగుల జమీందారీ సంస్థానముగా నుండెను. ఆ కాలమున ధర్మకార్యములకు ఒక ప్రభువు నాశ్రయించుట జనులకు అలవాటు. 1948 సంవత్సరపు ఎస్టేటుల రద్దు చట్టముతో మదరాసు రాష్ట్రమున జమీందారీలు పోవు కాలము వచ్చినది. ఆ వెనుక ఒక్కని ఔదార్యముపై గాక పదిమంది చందాలపై సంస్థలు నడువవలసి వచ్చెను. ప్రభువులు పోయిరి గాని ప్రభువుకొరకు ఎదురుచూచు స్వభావము మాత్రము మనయందు మిగిలియున్నది. ఎవరో యొక దాత వచ్చును, కట్టడము కట్టించును, తరువాతి పని తనంతట తాను జరుగు నని తలచుచున్నాము. కట్టడము మనుష్యులను బుట్టింపదు. మనుష్యులే కట్టడమునకు ప్రాణము పోయుదురు.

మన యాంధ్రదేశమున సేవ చేసినవారి చరిత్రలు చూచినను ఇదియే బోధపడును. గోదావరి లంకలలోని లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలిగొన్న వారికి కులమడుగక, వేళ చూడక అన్నము పెట్టిరి. ఆ తల్లికి సభలు లేవు, తీర్మానములు లేవు. గరిటె పట్టిన చేయి యొకటి కలదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వము పాఠశాలల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. ఒక వంటయింటిలో ఒక స్త్రీ చేసిన పని నూరేండ్లు దాటిన పిదప లక్షలాది పిల్లల కంచములయొద్ద స్మరింపబడుచున్నది.

అయినను ఒక్కరి చేతిమీద నడచు ధర్మమునకు ఆ చేయి యున్నంతవరకే యాయుస్సు. ఈ సత్యమును కందుకూరి వీరేశలింగం పంతులుగారు బాగుగ నెరిగిరి. రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీన వారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఆ కార్యమును పంతులుగా రొక్కరే చేయలేదు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనముతో నాదుకొనిరి. ఊరు వెలివేయ జూచుచుండగా విద్యార్థులు వెన్నంటి నిలిచిరి. ఒకరి బుద్ధి, ఒకరి ధనము, పదిమంది యువకుల ధైర్యము కలిసిన పిదపనే యా పెండ్లి పీటలమీదికి వచ్చెను. ఇంకొక విశేషము గమనింపుడు. రామకృష్ణయ్యగారు వైశ్యులు, వారి ధనముతో జరిగిన మొదటి వివాహము బ్రాహ్మణ కుటుంబములది. దాతృత్వము ఆనాడే కులపు గట్టు దాటినది. పిదప పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి సమర్పించిరి. తాము లేకున్నను కార్యము నిలువవలె నని వారి తలంపు.

ఇక స్వచ్ఛంద సేవకుల దండు అనగా ఎట్లుండవలెనో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు చూపినది. 1921లో బెజవాడయందు అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు ఆ దండువారు జనసమ్మర్దమును క్రమములో నుంచిరి. ఆ సంవత్సరమే చీరాల పేరాల ప్రజలు పురపాలక పన్నుల భారమునకు నిరసనగా ఇండ్లు వదలి వెలుపల పాకలలో నెలల తరబడి నివసించినపుడు వారికి బాసటగా నిలిచిరి. జీతము లేని సేవకుడు క్రమశిక్షణ లేని సేవకుడు కానక్కర లేదని వారు నిరూపించిరి. మనకు దగ్గరలోని విశాఖపట్టణమున 1930లో స్థాపింపబడిన ప్రేమసమాజము అనాథ బాలలకును, వృద్ధులకును ఆశ్రయ మిచ్చుచు పేరుగాంచినది. చిన్నగా మొదలిడుట దోషము గాదు. మొదలిడి విడుచుట దోషము.

ఈ పూర్వకథలు చెప్పుట కాలక్షేపమునకు గాదు. నేడు మన యూరిలో, మన చుట్టుపట్ల గ్రామములలో చేయవలసిన పనులు కన్నులయెదుట నున్నవి. అన్నదానము, పుస్తకదానము, వస్త్రదానము మనము చేయుచునే యున్నాము, అవి మంచివే. కాని వైద్యశాలకు పోవు వృద్ధునకు అన్నముకంటె ముందు తోడు కావలెను. విశాఖపట్టణపు పెద్దాసుపత్రిలో ఏ గది కేగవలెనో, ఏ కాగితము చూపవలెనో, ఏ వరుసలో నిలువవలెనో చదువురాని మనుష్యునకు తెలియదు. 2005లో 108 వాహనములు వచ్చినవి. 2007లో ప్రభుత్వము ఆరోగ్యశ్రీ పథకమును ప్రారంభించినది, అదియే యిపుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేర నడచుచున్నది. బండి యున్నది, పథకమున్నది. రోగికిని పథకమునకును నడుమ చేయిపట్టి నడిపించు మనుష్యుడు లేడు. ఆ నడిమి దూరము కొలదియే. కాని దానిని దాటలేక యెందరో యింటికి తిరిగి వచ్చుచున్నారు.

పాఠశాలలో నేను చూచిన దొకటి చెప్పెదను. జూను మాసమున బడులు తెరచునపుడు ఒకే పిల్లవానికి రెండు మూడు సంస్థలవారు నోటుపుస్తకములు పంచుదురు. పిల్లవాడు వానిని మోయలేక మోయును. డిసెంబరు వచ్చునప్పటికి పదవ తరగతి పరీక్ష రుసుము కట్టుటకు అదే పిల్లవాడు తల వంచుకొని నిలుచును. అప్పుడొక్క సంస్థయు కనబడదు. దాతలయందు దయ లేకపోలేదు. ఒకరితో నొకరు మాటలాడుకొనలేదు, అంతియే. దేశకాలపాత్రముల నెరిగి యిచ్చునదియే సాత్త్వికదాన మని మన పెద్దలు చెప్పిరి. దేశమును, పాత్రమును మనము చూచుచున్నాము గాని కాలమును మరచుచున్నాము.

కావున సహకారమను మాట నిక విచారింతము. నేను సంస్కృతము చదివినవాడను గనుక వ్యాకరణమునుండి యొక దృష్టాంతము చెప్పుట కనుమతింపుడు. రెండు పదములు కలిసిన సమాస మందురు గదా! తత్పురుషమునందు ఉత్తరపదమునకే ప్రాధాన్యము. రాజపురుషుడు అన్నచో పురుషుడే ముఖ్యుడు, రాజు విశేషణ మాత్రుడు. ద్వంద్వమునందు ఉభయపదములకు ప్రాధాన్యము. తలిదండ్రులు అన్నచో ఇరువురును సములే. బహువ్రీహియందు ఆ రెండింటికిని గాక మూడవదానికి ప్రాధాన్యము. చక్రపాణి అన్నచో చక్రము గాదు, పాణి గాదు, విష్ణువు. రెండు పదములును తమ యర్థమును తగ్గించుకొని మూడవవానిని జూపును.

సంస్థల కలయికలు సాధారణముగా తత్పురుష సమాసములగుచున్నవి. ధనమెక్కువ గలవాడు ప్రధానుడు. తక్కినవాడు అతని జెండా మోయువాడు. కొన్ని ద్వంద్వములగుచున్నవి, అందు వేదికమీద ఎవరి కుర్చీ ఎచ్చట వేయవలె నను కలహముతోనే పగలు గడచిపోవును. నేను కోరున దేమనగా, మన సహకారము బహువ్రీహి కావలెను. దాత పేరును గాదు, సంఘము పేరును గాదు, కంటిచూపు వచ్చిన ముసలమ్మ ప్రధానము కావలెను.

ముసలమ్మ మాట వచ్చినది గనుక నేత్రవైద్య శిబిరమునే ఉదాహరణముగా గొందము. పూర్వము ఊరిలో పందిరి వేసి, అచ్చటనే శుక్లములు తీసి, మూడునాళ్లకు పందిరి విప్పుచుండిరి. ఇపుడు మేలైన పద్ధతి యేమనగా, ఊరిలో పరీక్ష మాత్రము చేసి, శస్త్రచికిత్సకు రోగులను పెద్ద వైద్యశాలకు గొనిపోవుట. 1987లో హైదరాబాదున ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ఇట్టి సహకారమునకు చక్కని నిదర్శనము. చలనచిత్ర నిర్మాత ప్రసాద్ గారు స్థలమును ధనమును ఇచ్చిరి. వైద్యులు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు విద్య నిచ్చిరి. ఆ సంస్థవారి గ్రామీణ పద్ధతియందు సుమారు 50,000 మంది జనాభాకొక దృష్టికేంద్రము నేర్పరచి, ఆ ప్రాంతపు యువజనులకే తర్ఫీదిచ్చి వారిచేతనే నడిపింతురు. విశాఖపట్టణమునందును ఆ సంస్థకు 2006 నుండి వైద్యశాల కలదు. దూరపు వైద్యుడు, దగ్గరి పిల్లవాడు, మూడవచోట నున్న దాత, ముగ్గురును కలిసిరి. ఇది బహువ్రీహి.

అట్టి శిబిర మొకటి మనయూర జరిగినయెడల మన సంఘము చేయవలసిన పని యేమి? కన్ను పరీక్షించుట మనకు రాదు. శస్త్రచికిత్స చేయుటయు రాదు. ఏ యింటిలో ఏ ముసలివారికి చూపు మందగించినదో మనకు తెలియును. ఇదియే మన విద్య, ఇదియే మన మూలధనము. శిబిరమునకు వారము దినముల ముందు ఇల్లిల్లు తిరిగి పేళ్లు వ్రాయుట, మధుమేహము రక్తపుపోటు గలవారిని గుర్తించి చెప్పుట, ఆధారు మొదలగు కాగితములు సిద్ధము చేయించుట, బస్సులో వెంటబోవుట, చికిత్స యయిన పిదప చుక్కలమందు వేళకు వేయుచున్నారో లేదో కొన్ని వారములు విచారించుట, తిరిగి పరీక్షకు పిలిచిన దినమున మరల వెంటబోవుట. ఛాయాపటములు తీయువారు మొదటి దినముననే యుందురు; చుక్కలమందు దినములలో నెవరును ఉండరు. ఈ కడపటి పని చేయువాడే నిజమైన స్వచ్ఛంద సేవకుడు.

సేవ చేయువారు దొరకరని కొందరందురు. ఈ మాట నేనంగీకరింపను. తిరుమలలో 2000 సంవత్సరమున శ్రీవారి సేవ యను పద్ధతి నారంభించిరి. మన యూళ్లనుండి ఉద్యోగులు, గృహిణులు, విశ్రాంతి పొందినవారు తమ సొమ్ముతో కొండకేగి క్యూలయొద్ద నిలిచి, నీళ్లిచ్చి, కూరలు తరిగి వచ్చుచున్నారు. అచ్చట అట్లు శ్రమించువారు ఇచ్చట ఏల ముందునకు రారు? అచ్చట దినము లిన్ని యని నిర్ణయము, వేళ నిర్ణయము, పని నిర్ణయము, చెప్పువాడొకడు. ఇచ్చట మనము పిలిచినపుడు దినము లేదు, వేళ లేదు, పని యేమో తెలియదు. వచ్చినవాడు సాయంకాలము వరకు కుర్చీలు మోసి, ఎవరును పలుకరింపక ఇంటికి పోవును. మరుసటేడు వాడు రాడు. వానియందు భక్తి తక్కువ యగుటచే గాదు. మన పిలుపునందు క్రమము తక్కువ యగుటచే.

అదేవిధముగ 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకమునందు కళాశాల విద్యార్థి రెండు సంవత్సరములలో 240 గంటల సేవ చేయవలె నని నియమము కలదు. ఆ గంటలు ఎచ్చట వినియోగింతుమా యని అధ్యాపకులు వెదకుచుండగా, పనిచేయువారు లేరని మనము వెదకుచున్నాము. ఇరువురి నడుమ ఒక్క ఉత్తరము చాలును.

స్వచ్ఛంద సేవకులకు కొన్ని నియమములు మాత్రము కావలెను. మొదటిది, ఎవనికి వీలగు కాలము వానిచేతనే చెప్పించి వ్రాయించుకొనవలెను; నెలకు నాలుగుగంట లిచ్చువానిని నలుబది గంటలకు లాగరాదు. రెండవది, సేవకునికి జీతము లేకున్నను బస్సు ఛార్జీ, భోజనము సంస్థయే భరింపవలెను. పేదవాడు సేవకు దూరమగుటకు ఈ చిల్లర ఖర్చులే కారణము. మూడవది, రోగి సొమ్మును సేవకుడు తన చేతిలోనికి తీసికొనరాదు. నాలుగవది, స్త్రీలయొద్దకును పిల్లలయొద్దకును ఒంటరిగా పోక ఇరువురు కలిసి పోవలెను, అందొకరు స్త్రీ కావలెను. ఐదవది, సహాయము పొందినవారి ఛాయాపటమును వాట్సాపులోను పత్రికలలోను పెట్టరాదు. పేదవానికి మన మిచ్చున దొక పూట అన్నము. వాని మానము తీసికొందుమేని ఆ వ్యాపారమున లాభము మనదే, నష్టము వానిదే.

ఇక పోషకమహాశయులతో రెండు మాటలు. మీ యౌదార్యమువలననే ఈ సంఘము నిలిచియున్నది, అందుకు కృతజ్ఞతలు. అయితే శిలాఫలకముపై పేరు చెక్కించుటకు ధన మిచ్చుట సులభము; సేవకుల బస్సు ఛార్జీలకు, ఫోను ఖర్చులకు, లెక్కలు వ్రాయువాని వేతనమునకు ఇచ్చువారు అరుదు. ఆ ఖర్చుమీద ఎవరి పేరును చెక్కబడదు. కాని పొలమునకు కాలువ యెంత యవసరమో కాలువలో పూడిక తీయుట యంత యవసరము. మీలో నొక్కరైనను పూడిక తీయుట కిత్తునని లేచినయెడల ఈ సభ ధన్యమగును.

ఇతరుల ధనము వచ్చు మార్గములును కలవు. 2013 సంవత్సరపు కంపెనీల చట్టముననుసరించి 500 కోట్ల రూపాయల నికర విలువగాని, 1,000 కోట్ల వ్యాపారముగాని, 5 కోట్ల లాభముగాని గల కంపెనీలు మూడేండ్ల సగటు లాభమునందు నూటికి 2 వంతులు సామాజిక కార్యములకు వ్యయపరుపవలెను. అందు తమ చుట్టుపట్ల ప్రాంతమునకు ప్రాధాన్య మీయవలెను. 2022 ఏప్రిలు 4వ తేదీన ఏర్పడిన మన అనకాపల్లి జిల్లాలోనే పరవాడయందును, అచ్యుతాపురమందును పెద్ద కర్మాగారములు కలవు. కాని వా రడుగునది మన యుపన్యాసములు గాదు. రిజిస్ట్రేషను పత్రము, తనిఖీ చేయబడిన లెక్కలు, చేసిన పనికి నిదర్శనము, వీని నడుగుదురు. నే నిందాక చెప్పిన నాలుగవ పద్దు, అనగా సేవాదినముల లెక్క, ఇచ్చటనే పనికివచ్చును.

ఇపుడు కొందరికి రుచింపని మాట యొకటి చెప్పవలసియున్నది, పెద్దలు క్షమింతురుగాక. మన సేవ మన కులమువారికే పరిమితము కావలెనా, అందరికి దొరకవలెనా? ఈ ప్రశ్న మన సంఘమునందే గాక ప్రతి కులసంఘమునందును లోలోన నున్నదే. మన పిల్లల కిచ్చు విద్యార్థివేతనములు మన పెద్దలు మనకొరకే యేర్పరచిరి. వానిని మార్పుమని నే ననను. కాని వైద్యమునందు, ఆపదయందు, ఆకలియందు కులమును విచారించుట తగదని నా దృఢవిశ్వాసము.

ఇందుకు మూడు కారణములు చెప్పెదను. మొదటిది ధర్మము, సీతమ్మగారి పంక్తిని, రామకృష్ణయ్యగారి విరాళమును ముందే స్మరించితిమి. రెండవది చట్టము. 1961 సంవత్సరపు ఆదాయపు పన్ను చట్టమున, ఒక కులముయొక్క లేక ఒక మతముయొక్క లాభమునకే యేర్పడిన క్రొత్త ధర్మసంస్థలకు పన్ను మినహాయింపు లేదను నియమ ముంచిరి. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, బాలలు వీరికొరకైన సంస్థలను మాత్రము ఈ నియమమునుండి తప్పించిరి. ఆ చట్టమునకు మారుగా 2025లో నూతన చట్టము చేయబడినది గనుక ఇప్పటి నియమములను ఆడిటరుగారి నడిగి తెలిసికొనవలెను. విద్యార్థివేతనపు నిధిని, సర్వజనులకు తెరచియుండు సేవానిధిని వేరువేరు పద్దులుగా నడుపుట యెట్లో వారే చెప్పగలరు. మూడవది న్యాయము. రక్తనిధిలోని సంచిపై గ్రూపు వ్రాయుదురు గాని కులము వ్రాయరు. మన బిడ్డకు ప్రమాదము జరిగిన రాత్రి ఎవరి రక్తము ప్రాణము నిలిపినదో మన మడుగము, అడిగినను చెప్పువారుండరు. అడుగక పుచ్చుకొనువారము అడిగి ఇచ్చుట యేమి న్యాయము?

మనము కొండదాపున నున్నవారము. పాడేరు మన్యమునుండి దిగివచ్చు గిరిజన సోదరులకు మైదానమున ఎదురగు మొదటి యూళ్లలో మాడుగుల యొకటి. జ్వరముతో నున్న బిడ్డ నెత్తుకొని దిగివచ్చిన తల్లి మన వీధిలో నిలిచి వైద్యశాల యెచ్చట నని యడిగినపుడు, మన సేవకుడు ముందుగా ఆమె కులము నడుగునా, బిడ్డ నుదురు తాకి చూచునా? ఈ ప్రశ్నకు మన మిచ్చు నుత్తరముమీదనే మన సంఘము గౌరవము ఆధారపడియున్నది. కులసంఘము తనవారిని ఒకచోట జేర్చుటకు తలుపువంటిది కావచ్చును. ఇతరులను ఆపుటకు గోడవంటిది కారాదు.

యువకులారా! రక్తదానమునందు మీరు ముందుండుడు. 18 ఏండ్లు నిండి, 65 ఏండ్లు మించక, కనీసము 45 కిలోల బరువు గలిగి, ఆరోగ్యముగా నున్నవారు రక్త మీయవచ్చును; పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి. పేరు, గ్రూపు, ఫోను నంబరు, కడపట ఇచ్చిన తేదీ ఇవి యొక పుస్తకమున వ్రాసియుంచినచో అర్ధరాత్రి యూరంతయు వెదకు పని యుండదు. హైదరాబాదునందును, విదేశములందును ఉద్యోగములు చేయు మన బిడ్డలు ధనము పంపుచున్నారు, సంతోషము. వారు దరఖాస్తులు నింపిపెట్టుట, కంపెనీలకు ఉత్తరములు వ్రాయుట, పిల్లలకు ఫోనుమీద పాఠములు చెప్పుట కూడ చేయవచ్చును. కాలము దానము చేయుటకు దూరము అడ్డు గాదు.

సోదరీమణులారా! సభావేదికలమీద మీ సంఖ్య తక్కువ; సేవయందు మీ చేయి యెక్కువ. ఏ యింటిలో పొయ్యి వెలుగలేదో, ఏ కోడలు గర్భవతియో, ఏ ముసలమ్మ మందులు మ్రింగుట లేదో మీకు తెలిసినట్లు కార్యవర్గమునకు తెలియదు. కావున సేవానిర్ణయములు చేయు ఉపసంఘమున సగము స్థానములు స్త్రీల కుండవలెను. పని మీది, తీర్మానము మాది యను పద్ధతి న్యాయము గాదు.

నా విన్నపములను సంగ్రహముగా జెప్పి ముగించెదను. వచ్చు నివేదికయందు సేవాదినముల పద్దు చేర్చవలెను. ఇరువదిమంది సేవకుల పేళ్లు, వారిచ్చు గంటలు వ్రాసిన పట్టిక తయారు కావలెను. పండ్రెండుమందితో ప్రారంభించినను చాలును. వైద్యశాలకు తోడుబోవు పనిని మొదటి పనిగా నెన్నుకొని, సంవత్సరకాలము దానినే విడువక చేయవలెను. ఏ సంస్థతో కలిసినను, ఎవరు ఏ పని చేయుదురు, ఎవరు ఖర్చు భరింతురు, లెక్క యెవరికి చూపవలెను, చిక్కు వచ్చిన నెవరిని పిలువవలెను, ఎన్నాళ్ల కొప్పందము అను ఐదు విషయములు ఒక కాగితముమీద వ్రాసికొనవలెను. ఊరిలోని తక్కిన సంఘములవారిని, ఏ కులమువారైనను సరే, మే నెలలో నొకసారియు నవంబరులో నొకసారియు పిలిచి, ఎవ రేమి ఇచ్చుచున్నారో తెలిసికొనవలెను. అప్పుడు జూనులో మూడు మోపుల పుస్తకములును, డిసెంబరులో వట్టి చేతులును ఉండవు.

ఈ పనులలో నేదియు పెద్ద ధనమును కోరదు. మీలో పదిమంది నెలకొక్క దినము ఇత్తుమని సభ ముగియునంతలో కార్యదర్శిగారియొద్ద పేరు వ్రాయించినయెడల, రేపటినుండియే పని మొదలగును. నాకు మోకాళ్ల నొప్పు లున్నను కాగితములు వ్రాయుటకు చేయి యాడుచునే యున్నది గనుక, దరఖాస్తులు నింపు పనికి సోమవారము, గురువారము ఉదయము రెండేసి గంటలు నా పేర వ్రాసికొనుడని విన్నవించుచున్నాను.

 ఇచ్చువారి చేయియు, చేయువారి చేయియు కలిసి, ఆ రెండు చేతులనడుమ నిలువనీడ లేనివానికి నీడ గలుగుగాక!